ఆరో పడవ

ఆ వసంతంలో నేను మా అత్తగారి ఆరు పడవల్నీ ఒకేసారి పాడుచేశాను. ఒకటో రెండో చెడగొట్టి ఊరుకునే రకం కాదు నేను. పని పట్టుకుంటే అంతు చూడందే వదలడని మా అమ్మ నా చిన్నప్పటినుంచీ అంటూనే ఉంది. ఆవిడ ఆ మాట మెచ్చుకుంటూ అనలేదని నాకు ఆ వసంతంలోనే తెలిసింది.

నేను ఇల్లరికం వచ్చిన అల్లుణ్ని. అంతకుముందు నీళ్ల ట్యాంకులు వెల్డింగ్ చేసేవాణ్ని. మా ఆవిడ వాళ్లకి కొండల మధ్య సరస్సు ఒడ్డున రేవు ఉంది. రేవంటే పెద్ద హంగేమీ లేదు. నీళ్లలోకి పోయే చెక్కవంతెన ఒకటి, పడవల షెడ్డు ఒకటి, షెడ్డు మీద మేం ముగ్గురం ఉండే రెండు గదులు. కానీ ఏడాది పొడుగునా జనం అక్కడికి వస్తూనే ఉంటారు. ఎండాకాలం పడవ షికార్లు, ఆకులు రాలే రోజుల్లో గాలాలు, ఒడ్డు చుట్టూ నడకలు. చలికాలం సరస్సు గడ్డకడితే పెద్దవాళ్ల కాళ్లకు స్కేట్లు, పిల్లలకు జారుడు బళ్లు. మంచు కరిగి నీళ్లు తేరుకునే వసంతం ఒక్కటే మాకు ఊపిరి పీల్చుకునే కాలం. మా ఆవిడ ఎండాకాలం తెడ్డు వెయ్యడం నేర్పేది, చలికాలం మంచు మీద పడకుండా నిలబడడం నేర్పేది. పడవల సంగతి అత్తయ్యది. ఆ ఆరు చెక్క పడవల్నీ ఆవిడా, ఆవిడ తండ్రీ కలిసి కట్టారు.

నన్ను మాత్రం ఏదీ ముట్టుకోనిచ్చేది కాదు. "మీకెందుకండీ అల్లుడుగారూ శ్రమ, కూర్చోండి" అనేది. కూర్చునేవాణ్ని. ఏడాదిన్నర కూర్చున్నాను. టికెట్లు చించి ఇవ్వడం, స్కేట్ల తాళ్లు ముడెయ్యడం, ఇంతే నా పని. నాలుగు వేళ్లున్న వాడెవడైనా చేస్తాడు. గౌరవం మరీ ఎక్కువైతే మనిషి సొంత ఇంట్లోనే చుట్టంలా మిగిలిపోతాడు. ఆ మాటే మా ఆవిడతో అంటే, "ఊరికే కూర్చోబెట్టి తిండి పెడుతుంటే ఏడుస్తావేంటి" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఆ ఏడు చలికాలం చివర్లో అత్తయ్య కంటి ఆపరేషనుకని పట్నంలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లింది. పది రోజులు. వెళ్తూ వెళ్తూ కూతురితో, "పడవలకు బయటివైపు రంగు వేయించు. రంగు ఒక్కటే. ఇంకేం వద్దు" అని చెప్పింది. నేను పక్కనే ఉన్నా నాతో చెప్పలేదు. మా ఆవిడకు మంచు మీద పాతిన జెండాలు, కంచెలు అది కరిగేలోపు పీకి తెచ్చుకునే పనుంది. అందుకని కుంచె నా చేతికొచ్చింది.

షెడ్డులో పడవలు బోర్లించి ఉన్నాయి. ఒకదాని కిందకు దూరి చూస్తే పలకల మధ్య సందుల్లోంచి వెలుతురు కనిపించింది. గోరు దూరేంత సందులు. ట్యాంకు పనిలో చుక్క కారితే పరువు పోయినట్టే. ఇన్ని చిల్లులతో ఈవిడ ఇన్నేళ్లు జనాన్ని నీళ్ల మీదికి ఎలా పంపిందో నాకు అర్థం కాలేదు. ఎవర్నైనా అడగొచ్చు. అడిగితే "మీకెందుకండీ" అంటారని అడగలేదు. నా పాత సామాన్లలో ట్యాంకుల అతుకులకు పెట్టే ముద్ద డబ్బాలు ఎనిమిదున్నాయి. ఒక్కో డబ్బాలో ఉండే రెండు గొట్టాల్లోంచి తీసి కలిపితే పూటలో రాయి అయ్యే సరుకు అది. ఆరు పడవల్లో ఒక్క సందు మిగలకుండా, పట్టినంత లోపలికి కూరాను. పైన నున్నగా గీకి రంగు వేశాను. ఆరు రోజులు పట్టింది. అన్నం కూడా షెడ్డులోనే తిన్నాను. ఇన్నాళ్లకు నాకంటూ ఒక పని దొరికిందని ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

"ఏంటి ఈ కంపు?" అంది మా ఆవిడ ఒక సాయంత్రం.

"రంగు."

"రంగు ఇలా ఉండదే."

"మంచి రంగు" అన్నాను. తర్వాత చెప్పి ఆశ్చర్యపరుద్దామని నా ఆలోచన.

అత్తయ్య నల్లకళ్లద్దాలు పెట్టుకుని దిగింది. నెల రోజులు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, దగ్గరివి సరిగా కనిపించవు. ఆవిడ వచ్చిన రోజే సరస్సు ఆఫీసునుంచి కాగితం వచ్చింది. మా ఆవిడ పైకి చదివింది. సీజను మొదలయ్యే రోజు పొద్దున తనిఖీ అధికారి వస్తాడు. రేవులో కనీసం ఆరు పడవలు ఉండాలి. వాటిలో తనకు నచ్చిన ఒకదాన్ని ఎంచి, తనతో కలిపి నలుగురు ఎక్కి, నీళ్ల మధ్య కట్టిన పసుపు పీపా దాకా వెళ్లి రావాలి. దారిలో నీళ్లు తోడకూడదు. తిరిగొచ్చేసరికి పడవలో నీళ్లు, కాళ్లు పెట్టుకునే అడుగు పలక దాటకూడదు. తప్పితే ఆ ఏడాది రేవు వేరేవాళ్లకు ఇస్తారు. వేరేవాళ్లు ఎవరో మాకు తెలుసు. హంస బొమ్మల ప్లాస్టిక్ పడవలవాళ్లు రెండేళ్లుగా ఆ రేవు మీదే కన్నేసి ఉన్నారు. రేవు పోతే ఎండాకాలం పడవలే కాదు, చలికాలం స్కేట్ల కొట్టూ పోతుంది, మేం పడుకునే గదులూ పోతాయి.

"ఆరు ఉన్నాయి కదా" అంది అత్తయ్య. "రేపు ముంచండి."

ముంచడమేమిటో నాకు అప్పటిదాకా తెలియదు. పోయిన వసంతంలో మా అమ్మకు ఒంట్లో బాగాలేక నేను ఊళ్లో లేను. చలికాలమంతా షెడ్డులో ఎండిన పడవల్ని ఒడ్డు పక్కన మోకాలిలోతులో రాళ్లు పెట్టి నీళ్లతో నింపి ముంచుతారట. నెల ముందే ముంచాలట. "తప్పేదైనా ఉంటే బయటపడేందుకు దానికి వ్యవధి ఇవ్వాలి" అంది అత్తయ్య. ఇదేదో పాతకాలపు ఆచారం కాబోలు అనుకున్నాను. మా ఆవిడా నేనూ మోసుకెళ్లి మొదటిరోజు నాలుగు, మర్నాడు పొద్దున్నే రెండు ముంచాం. అత్తయ్య వంతెన మీద నిలబడి చెబుతూ ఉంది. లోపల పోసిన నీళ్లు చుక్క కూడా బయటికి పోకుండా నిలబడడం చూసి నేను మీసాల్లో నవ్వుకున్నాను.

ఆ రెండూ ముంచి వచ్చి టీ తాగుతున్నాం. కిందనుంచి టక్ మని వినిపించింది. కాసేపటికి ఇంకోటి. కొమ్మ విరిగిందేమో అనుకున్నాను. అత్తయ్య గ్లాసు పెట్టేసి మెట్లు దిగింది. కళ్లు సరిగా కనిపించని మనిషి అంత వేగంగా మెట్లు దిగడం అదే మొదటిసారి చూడటం. డాక్టరు చెప్పిందంతా గాలికొదిలేసి నీళ్లలోకి నడిచి, వంగి, పడవలోకి భుజం దాకా చెయ్యి పెట్టింది. సందు వెంట వేళ్లు నడిపింది. ఇంతలో ఆవిడ చేతి కిందే మరోసారి టక్ మంది.

"సందుల్లో ఏం పెట్టారు?"

మా ఆవిడ నావైపు చూసింది. ఆ చూపుకి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

"నేను పెట్టానండీ. ట్యాంకులకు పెట్టే ముద్ద."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"ఎంత లోపలికి?"

"పట్టినంత."

అత్తయ్య చెయ్యి నీళ్లలోంచి తీసి కొంగుకు తుడుచుకుంది. తర్వాత కూతురితో, "ముందు ఈ పొద్దున ముంచినవి రెండూ పైకి లాగండి. అవి దక్కుతాయి" అంది. లాగాం. ఆ రెండూ దక్కాయి. ముందురోజు ముంచిన నాలుగింటిలో, లోపల పక్కటెముకల్లా వంచి బిగించిన బద్దలు ముప్పై ఒకటి విరిగాయి. వాటినీ ఒడ్డుకు లాగాక, నేనే ఒక్కొక్కటీ వేలు పెట్టి లెక్కపెట్టాను.

అప్పుడు చెప్పింది అత్తయ్య. "చెక్క నీళ్లు తాగితే లావవుతుంది. లావయ్యేందుకే ఆ సందు వదిలేది. నాలుగు రోజులు నానితే పలకా పలకా ఒరుసుకుని సందు దానంతటదే మూసుకుంటుంది. నువ్వు ముందే మూసేస్తే అది ఎక్కడికి పోతుంది? అడ్డొచ్చిన బద్దని విరుచుకుని పోతుంది."

"నేను వెళ్లిపోతానండీ" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ ఇంట్లో ఇంకో ముద్ద తినే మొహం నాకు లేదనిపించింది.

"వెళ్లి ఏం చేస్తావు?"

నేను ఒడ్డున వదిలిన చెప్పుల కోసం చూశాను.

"ఇరవై ఆరు రోజులున్నాయి. నాకు కళ్లు లేవు. దానికి రెండు చేతులే ఉన్నాయి" అంది కూతుర్ని చూపించి. "ఇటు రా. చెయ్యి ఇక్కడ పెట్టు. సందు ఎక్కడ మొదలవుతుందో వేలికి తెలుస్తోందా?"

నన్ను అల్లుడుగారు అనకుండా ఆవిడ మాట్లాడటం అదే మొదటిసారి. తిట్టి ఉంటే ఇంకా బాగుండేదేమో. కానీ ఆ రోజు నాకు ఊపిరాడింది.

ముద్ద తియ్యడం మొదలుపెట్టాం. రాయి అన్నానుగా, నిజంగా రాయే. పలక అంచు దెబ్బతింటే మళ్లీ అక్కడ సందు సరిగా మూసుకోదు కాబట్టి సుత్తి వాడకూడదు. సన్నటి ఉలితో గోరంత గోరంత గీకాలి. మా ఆవిడ ఒకవైపు, నేనొకవైపు. పొద్దున వెలుతురు రాగానే షెడ్డులో దూరితే, చీకటి పడి ఉలి మొన కనిపించనప్పుడు బయటికి వచ్చేవాళ్లం.

"ఎంత దిట్టంగా పెట్టావు మహానుభావా" అంది ఆవిడ మూడో రోజున.

"ఇరవై ఏళ్ల గ్యారంటీ సరుకు."

"మన పెళ్లికి లేదు అంత గ్యారంటీ." నవ్వింది, కానీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఒక్క మాట నన్ను అడిగితే ఏం పోయింది?"

"అడిగితే కూర్చోమంటారని."

ఆవిడ ఉలి ఆపింది. "మా అమ్మ కూర్చోమంటే నువ్వు కూర్చోవడమేంటి? నేనేనాడైనా కూర్చున్నానా?" అంది. అది నాకు తట్టనే లేదు. గీకుతూ ఉండిపోయాను.

అత్తయ్య కుర్చీ వేసుకుని షెడ్డు మధ్యలో కూర్చునేది. మేం ఒక సందు పూర్తిచేశామంటే వచ్చి వేలితో తడిమేది. "ఇక్కడ ఉంది" అనేది. వెలుతురుకు పట్టి చూస్తే నిజంగానే ఆవగింజంత ముద్ద ఉండేది. పదకొండు రోజులకు ఆరు పడవల సందులూ ఖాళీ అయ్యాయి. దక్కిన రెండింటినీ మళ్లీ నీళ్లలో ముంచాం. వాటికి ఏ ఇబ్బందీ లేదు.

ఇక బద్దలు. కొత్త బద్ద వంగాలంటే గంటసేపు ఆవిరిలో ఉడకాలి. అత్తయ్య వాళ్ల నాన్నగారి కాలంలో పెద్ద చెక్కపెట్టె ఉండేదట, ఎప్పుడో చితికిపోయింది. అత్తయ్య దిగులుగా ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు ఉప్పొంగింది. ఆవిరి పోకుండా గొట్టం అతకడం నా సొంత విద్య. పాత నీళ్ల గొట్టం ఒకటి, డ్రమ్ము ఒకటి తెచ్చి ఒక్క పూటలో కట్టేశాను. కింద మంట పెట్టగానే ఎక్కడా చిటికెడు ఆవిరి బయటికి రాలేదు. అత్తయ్య గొట్టం పొడుగునా చెయ్యి దగ్గరగా జరిపి చూసింది.

"ఇది బాగుంది" అంది. "దీన్ని మాత్రం ఎంత బిగించినా తప్పులేదు."

ఆవిరిలోంచి తీసిన బద్దని ముప్పై లెక్కపెట్టేలోపు పడవలో పెట్టి వంచి బిగించాలి. తర్వాత అది మాట వినదు. మొదటి ఐదూ నా చేతుల్లో ఫెళ్లుమన్నాయి. నేను ఇనుము వంచినవాణ్ని, బలం పెట్టడమే తెలుసు. ఆరోది వంచుతున్నప్పుడు మా ఆవిడ అవతలి కొన పట్టుకుంది. అత్తయ్య "ఆగు, ఆగు" అంటూనే ఉంది. నేను ఆగలేదు. బద్ద నా పట్టులోంచి జారి ఎగిరి మా ఆవిడ కుడి మణికట్టు మీద కొట్టింది. కేక వెయ్యలేదు. చెయ్యి పట్టుకుని నేలమీద కూర్చుండిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఎముక విరగలేదని డాక్టరు చెప్పాడు గానీ, నెల రోజులు కట్టు విప్పకూడదన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను.

మర్నాడు పొద్దున షెడ్డులోకి వెళ్లేసరికి అత్తయ్య అప్పటికే మంట వేసి కూర్చుని ఉంది.

"రాత్రంతా ఏడ్చావా?"

"లేదండీ."

"ఏడిస్తే ఏడ్చావు. ఇప్పుడు నా మాట విను. బద్దని ఒత్తకు. దాని మీద ఆనుకో. నువ్వు గోడకు ఆనుకుంటే గోడని తొయ్యవు కదా, అలాగ. బరువు ఇవ్వు, బలం వద్దు. అది తనంతట తాను దిగుతుంది."

బద్ద తీశాను. పడవలో పెట్టి దాని మీద ఛాతీ ఆనించి ఊరకే నిలబడ్డాను. అత్తయ్య పైకి లెక్కపెడుతోంది. పద్దెనిమిది దగ్గర బద్ద నా కింద మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఇరవై ఆరు దగ్గర పలకను తాకింది. నేను మేకులు కొట్టాను. ఆ రోజు నాలుగు బిగించాం, మర్నాడు ఐదు.

బాగైన పడవ బాగైనట్టు ముంచుతూ వచ్చాం. నానినవాటిని పొద్దున్నే నీళ్ల మీదికి తీసి తెడ్డు వేసి చూడాలి. మా ఆవిడకు చెయ్యి లేదు కాబట్టి ఆ పనీ నాదే అయింది. ఆవిడ ఎదురుగా కూర్చుని కట్టు కట్టిన చేత్తోనే నన్ను అదిలించేది. "నీళ్లని కొడుతున్నావు. నీళ్లు నీకేం చేశాయి?" అనేది. మొదట్లో పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరిగేది. వారానికి తిన్నగా పోవడం నేర్చుకుంది, అంటే నేను నేర్చుకున్నాను. చేతులు బొబ్బలు లేచి, చితికి, మళ్లీ లేచాయి.

ఆరో పడవలో ఆఖరి బద్ద బిగించింది తనిఖీకి రెండు రోజుల ముందు. వెంటనే ముంచినా నానడానికి నాలుగు రోజులు కావాలి. తనిఖీ ముందు సాయంత్రం దాన్ని పైకి తీసి, నీళ్లు పారబోసి, తేల్చి చూశాం. అడుగునుంచి నీళ్లు ఊరడం కంటికి కనిపిస్తోంది. ముగ్గురం వంతెన మీద కూర్చుని దాన్నే చూస్తున్నాం. అవతలి ఒడ్డున హంస పడవలు రెండు లారీల మీద సిద్ధంగా ఉన్నాయి.

అత్తయ్య నావైపు తిరిగి, "ఆ ముద్ద ఇంకా ఉందా?" అంది.

నేను విన్నది నిజమేనా అని మా ఆవిడవైపు చూశాను. ఆవిడ తల దించుకుంది.

"రెండు డబ్బాలున్నాయి" అన్నాను.

"పైపైన పెడితే తెల్లారేసరికి గట్టిపడుతుంది. ఒక్క పూట చాలు. అతను అటు వెళ్లగానే మనం తీసేద్దాం."

పడవలే ప్రాణంగా బతికిన మనిషి ఆ మాట అనాల్సి వచ్చిందంటే ఆ రేవు ఆవిడకు ఏమిటో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. దానికంతటికీ కారణం నేను. ఆవిడ అడిగిన ఆ చిన్న సాయం చెయ్యడం నాకు గంట పని.

"పెట్టనండీ" అన్నాను.

"ఎందుకు?"

"సగం నానిన చెక్క అది. రాత్రికి ఇంకా లావవుతుంది. పైపైన పెట్టినా ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. మనం కట్టిన బద్ద ఒక్కటి విరిగినా నేను చూడలేను. పైగా అతనికి పొడి పడవ చూపించి, మర్నాడు అదే పడవలో పిల్లల్ని ఎక్కించుకుంటే, నాకు నిద్ర పట్టదు."

"రేవు పోతే?"

"పోతే ట్యాంకుల పనికి వెళ్తాను. మీ ఇద్దరినీ చూసుకుంటాను. కానీ ఆ డబ్బా మూత మళ్లీ నా చేత్తో తియ్యను."

ఆవిడ మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. కోపం వస్తుందనుకున్నాను. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"అయితే మళ్లీ ముంచు. ఈ రాత్రి తాగినంత తాగనీ" అంది. "రేపు తెడ్డు నువ్వే వెయ్యాలి. ఇప్పుడే వెళ్లి పడుకో."

తనిఖీ అధికారి తొమ్మిదిన్నరకు వచ్చాడు. బక్కపలచటి మనిషి, చేతిలో రిజిస్టరు, జేబులో ఇనుప స్కేలు. అప్పటికే వంతెన దగ్గర జనం నిలబడి ఉన్నారు. ఆరు పడవలూ వరసగా తేలుతున్నాయి. కనుమలోంచి గాలి మొదలైంది.

"ఆ చివరిది ఇంకా నానలేదండీ" అంది అత్తయ్య అతను అడక్కముందే. "దాన్లో నీళ్లొస్తాయి. ఎల్లుండికి రావు."

"మీరు చెప్పాక ఇక నేను వేరేదెలా ఎక్కుతానమ్మా?" అన్నాడతను. ఎగతాళిగా కాదు, నిజంగానే ఇబ్బందిపడుతూ అన్నాడు. "అదే ఎక్కాలి."

నేను మధ్యలో తెడ్ల దగ్గర కూర్చున్నాను. మా ఆవిడ నా వెనక, ముందుకొనలో. వెనకకొనలో నాకు ఎదురుగా అత్తయ్య, అధికారి. తెడ్డు వేసేవాడు వెళ్లే దారిని చూడలేడు, వదిలొచ్చిన దారినే చూస్తాడు. నాకు కనిపించేది వాళ్లిద్దరి పాదాలూ, వాటి కింద అడుగు పలకా. ఆ పలక సందుల్లోంచి మెరుస్తున్న నీళ్లు.

పీపా దాకా గాలి మాకు అనుకూలంగానే ఉంది. తిరిగే దగ్గర ఒక తెడ్డు ఆపి ఒక తెడ్డు వెయ్యాలి, అక్కడ కొంచెం తడబడ్డాను. "కుడి. ఇంకా కుడి. చాలు" అంది మా ఆవిడ వెనకనుంచి. తిరిగాక గాలి మొహాన కొట్టినట్టు పడవను ఆపేసింది. పలక కింద నీళ్లు ఇప్పుడు కదులుతూ కనిపిస్తున్నాయి. అధికారి పాదాలు కొద్దిగా పైకెత్తాడు.

"నీళ్లు వస్తున్నాయి" అన్నాడు.

"వస్తాయండీ" అంది అత్తయ్య. ఆవిడ చెయ్యి పక్క పలకల సందు మీద ఉంది. "మొదట్లో వచ్చినంత లేదు. తగ్గుతోంది."

నేను బలం పెట్టాను. పడవ అటూ ఇటూ ఊగింది గానీ ముందుకు పోలేదు. పెట్టినకొద్దీ నీళ్లు చిమ్ముతున్నాయి. అరచేతుల్లో ఏదో తడిగా జారుతోంది, అది నీళ్లు కాదు. అత్తయ్య నావైపు చూసింది. ఆ నల్లద్దాల వెనక ఎంత కనిపిస్తోందో నాకు తెలియదు.

"ఆనుకో" అంది మెల్లగా. "ఒత్తకు."

తెడ్లు నీళ్లలో దించి వెనక్కి ఆనుకున్నాను. చేతులతో కాదు, వీపు బరువుతో. పడవ కదిలింది. మళ్లీ దించాను, మళ్లీ ఆనుకున్నాను. అత్తయ్య పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎందుకు లెక్కపెడుతోందో అధికారికి తెలియదు. ఎన్ని లెక్కపెట్టిందో నాకు గుర్తు లేదు. పలక అంచు ఒకచోట తడిసి నల్లబడటం చూశాను. కళ్లు మూసుకున్నాను. పడవ ముక్కు వంతెనకు తగిలేదాకా తెరవలేదు.

అధికారి ఎవర్నీ కదలొద్దని చెప్పి, వంగి, పలక సందులోకి స్కేలు దించాడు. తీసి చూశాడు. మళ్లీ ఇంకోచోట దించాడు. మా ఆవిడ ఎడమ చెయ్యి నా వీపు మీద ఉంది.

"పలకకు వేలి మందం తక్కువ" అన్నాడు. "సరిపోయింది."

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. వాళ్లకేం తెలుసని కొట్టారో. నేను తెడ్లు వదలబోతే వేళ్లు విడిపడలేదు. మా ఆవిడ ఒక్కొక్క వేలే విప్పింది.

వంతెన మీద బల్ల దగ్గర అధికారి రిజిస్టరు తెరిచాడు. పడవలకు బాధ్యులు అని ఒక గడి ఉంటుంది. ఏటా అందులో అత్తయ్యే పేరు రాసి సంతకం పెట్టేది. అతను ఆవిడవైపు పుస్తకం తిప్పి, కలం అందించబోయాడు.

"నాకు కాదు, అతనికివ్వండి" అంది అత్తయ్య.

"ఈయనకా? ఈయన ట్యాంకుల పని చేసే ఆయనని ఊళ్లో అన్నారే."

"విరగ్గొట్టిందీ అతనే, కట్టిందీ అతనే. ఇంకెవరి పేరు రాస్తారు?"

కలం తీసుకున్నాను. పై గళ్లలో ఏళ్ల తరబడి అత్తయ్య పేరే ఉంది, అంతకుముందు వాళ్ల నాన్నగారిది. వాటి కింద నా పేరు రాయడం మొదలుపెట్టాను. అక్షరాలు వంకరపోయాయి, కాగితం మీద ఎర్రటి మరక పడింది.

"రాశావా?" అంది అత్తయ్య. దగ్గరివి ఆవిడకు కనిపించవు.

"రాస్తున్నానండీ. చేతులు బాగా లేవు, కాస్త ఆలస్యమవుతోంది" అన్నాను. నేను ఏడుస్తున్నానని మా ఆవిడకు తెలుసు. అమ్మతో చెప్పలేదు. బల్ల మీద కాగితం కదలకుండా తన ఎడమ చేత్తో పట్టుకుని నిలబడింది.